ఖాళీలు పూరించని రూతమ్మ

2022 వానాకాలం. కరీంనగర్‌లో పెద్దాసుపత్రి వెనక సందులో ఉన్న ఒక నర్సింగ్ స్కూల్లో నేను ఇంగ్లీషు సార్ని. నర్సింగ్ స్కూల్లో ఇంగ్లీషు సారంటే అందరికీ కొంచెం అలుసే. అనాటమీ మేడమ్‌కు నిలువెత్తు ఎముకల గూడు ఉంది, ఫస్ట్ ఎయిడ్ చెప్పే ఆయనకు రబ్బరు బొమ్మ ఉంది, నాకు మాత్రం ఒక బ్లాక్‌బోర్డు ఉంది, అదీ సగం రంగు పోయింది. నా పీరియడ్‌ను మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసేవాళ్లు. పిల్లలు కళ్లు తెరుచుకునే నిద్రపోయేవాళ్లు.

అలా అలుసుగా చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఆసుపత్రిలో ఇంగ్లీషు గొప్పలకోసం కాదు. డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సును వెంటబెట్టుకుని ఒక్కో మంచం దగ్గర నిలబడి రోగి సంగతులు అప్పజెబుతుంది. దాన్నే హ్యాండోవర్ అంటారు. అందులో ముఖ్యమైనవి కాలం చెప్పే మాటలు. ఆరు గంటలనే తీసుకోండి. ఎట్ సిక్స్ అంటే సరిగ్గా ఆరింటికి మందు ఇవ్వాలి. బై సిక్స్ అంటే ఆరు దాటకుండా ఎప్పుడైనా ఇవ్వొచ్చు. టిల్ సిక్స్ అంటే ఆరుదాకా నడవాలి, తర్వాత ఆపాలి. సిన్స్ సిక్స్ అంటే ఆరింటికి మొదలైంది, ఇంకా నడుస్తూనే ఉంది. అంకె అదే, ముందున్న చిన్న మాట మారిందంటే నర్సు చెయ్యాల్సిన పని మారిపోతుంది.

అందుకే ఏడాదిలో సగం రోజులు నేను ఇవే చెప్పేవాణ్ని. యెస్టర్‌డే, ఎగో అనేవి అయిపోయిన పనితోనే పొత్తు పెట్టుకుంటాయి, హ్యాజ్ పక్కన కూర్చోమంటే కూర్చోవు. సిన్స్‌కేమో మామూలుగా హ్యాజ్, హ్యావ్ తోడు లేనిదే కుదరదు. ఏ రోజు మొదలైందో చెప్తే సిన్స్, ఎంతకాలమో చెప్తే ఫర్. మనవాళ్లలో సగానికి సగం మంది ‘ఫ్రమ్ టూ డేస్ ఫీవర్’ అంటారు. అది వింటే నాకు చెవిలో చీమ దూరినట్టు ఉండేది. బస్సులో ఎవరో ఫోన్లో అంటున్నా వెనక్కి తిరిగి దిద్దేవాణ్ని. పిల్లలు నాకు ‘సిన్స్‌ఫర్ సార్’ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఎవరు మోశారో గానీ మా ఆవిడదాకా పోయింది, ఇంట్లో కూడా అదే పేరు ఖాయమైంది.

ఆ ఏడు బ్యాచ్‌లో రూతమ్మ వచ్చింది. ఆమె అప్పటికే నర్సమ్మ. ఉట్నూర్ దాటి అడవిలోకి పోయే దారిలో ఒక సబ్ సెంటర్ ఉంది. అక్కడ ఇరవై రెండేళ్లు ఏఎన్ఎంగా చేసింది. ఏఎన్ఎం అంటే ఊరూరూ తిరిగి టీకాలు వేస్తూ, గర్భిణులను చూసుకునే నర్సు. అలా సర్వీసులో ఉన్నవాళ్లలో కొందరిని మా స్కూలుకు పై చదువుకు పంపేవాళ్లు. అది పూర్తిచేస్తే స్టాఫ్ నర్సు అవుతారు, ఆసుపత్రి వార్డుల్లో పోస్టింగ్ వస్తుంది. రూతమ్మకు అప్పుడు నలభై ఆరేళ్లు. వాళ్లది మెథడిస్టు మిషన్ చర్చికి తరాలుగా పోతున్న కుటుంబం. వాళ్ల బాపు వారమంతా కూలికి పోయి ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడట. రూతమ్మ క్లాసులో ముందు బెంచీలో ఇరవై ఏళ్ల పిల్లల మధ్య ముగ్గుబుట్ట లాంటి జుట్టుతో కూర్చునేది. పిల్లలంతా ‘రూతక్కా’ అంటూ ఆమె చుట్టూ తిరిగేవాళ్లు. వాళ్లకు ఇంజెక్షన్ ఎలా పట్టుకోవాలో నేర్పింది స్కూలు కాదు, రూతమ్మే.

ఇలాంటివాళ్లకు మా స్కూల్లో ఒక నిబంధన ఉంది. మొదటి ఏడాది ఇంగ్లీషు పాస్ కావాలి. రెండుసార్లు తప్పితే వెనక్కి, పాత పోస్టుకు పంపేస్తారు. రూతమ్మ వయసుకు ఇదే ఆఖరి అవకాశం, మళ్లీ అప్లికేషన్ పెట్టుకోవడానికి కూడా ఉండదు. ఆమెకు కావలసింది ఒక్కటే, ఉట్నూర్ వైపు ఆసుపత్రిలో కాన్పుల వార్డు. కరీంనగర్‌లో పెద్ద పెద్ద ఆసుపత్రులుండగా అదే ఎందుకమ్మా అని ఒకసారి అడిగాను. “నాకు ఆడ పనున్నది సార్” అని ఊరుకుంది. నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇక నా పాఠం సంగతి. నా దగ్గర ఖాళీలు పూరించే వాక్యాలు వందకు పైగా ఉండేవి, అన్నీ నేను స్వయంగా తయారు చేసుకున్నవే, వాటి మీద నాకు మహా గర్వం. బోర్డు మీద ‘ది పేషెంట్ హాడ్ ఫీవర్’ అని రాసి, ఒక గీత గీసి, ‘త్రీ డేస్’ అని ముగించేవాణ్ని. క్లాసంతా ఒక్క గొంతుతో “ఫర్” అనేది. రూతమ్మ మాత్రం బోర్డును చూస్తూ కూర్చునేది. నోట్‌బుక్‌లో ఆ గీత గీతలాగే ఉండేది.

ఏందమ్మా రాయలేదని అడిగితే, “తెల్వంది ఎట్ల రాస్త సార్?” అనేది.

తెలియదంటే పాఠం తెలియదనే కదా అనుకుంటాం. సరే పాపం, పెద్ద వయసులో చదువుకుంటోంది అని స్కూలు వదిలాక అరగంట కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె డబ్బాలో మక్కగారెలు తెచ్చేది. నేను వాటిని తింటూ సిన్స్, ఫర్, టిల్, బై అన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పేవాణ్ని. విచిత్రం ఏమిటంటే, సూత్రం అడిగితే గడగడా చెప్పేది. ఎగో పక్కన హ్యావ్ రాదు సార్ అని నాకే గుర్తు చేసేది. మర్నాడు స్లిప్ టెస్టు పెడితే మళ్లీ ఖాళీలు ఖాళీలుగానే ఉండేవి. ఒకరోజు నాకు కోపం ఆగలేదు. “గోడకు చెప్పినా ఈపాటికి వచ్చేదమ్మా” అన్నాను. ఆమె తల దించుకుంది గానీ పెన్ను ఎత్తలేదు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మర్నాడు మక్కగారెలు మళ్లీ తెచ్చింది, అది ఇంకా సిగ్గు.

పరీక్షలో యాభైకి పద్నాలుగు వచ్చాయి. పాస్ కావాలంటే ఇరవై ఐదు రావాలి. మళ్లీ పెట్టిన పరీక్షలో పదహారు. అంతే, రెండు అవకాశాలూ అయిపోయాయి. ఆమెను పాత పోస్టుకు పంపే కాగితం తయారు చేయమని, దానికి ఆమె జవాబు పత్రాలు జతపరిచి సంతకం పెట్టి ఇవ్వమని ప్రిన్సిపాల్ మేడమ్ నాకు చెప్పింది. పత్రాలు ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం చాయ్ తాగుతూ ఊరికే తిరగేస్తున్నాను. అప్పుడు కనిపించింది ఒక సంగతి.

ఆమె అన్నీ వదిలెయ్యలేదు. ఇండిపెండెన్స్ డే ఆగస్టు పదిహేనున వస్తుంది అనే వాక్యంలో ‘ఆన్’ రాసింది. మన స్కూలు తొమ్మిదింటికి మొదలవుతుంది అనే దాంట్లో ‘ఎట్’ రాసింది. వానలు జూన్‌లో వస్తాయి అనే దాంట్లో ‘ఇన్’. రాసినవన్నీ కరెక్టే, ఒక్క తప్పు లేదు. వదిలేసినవన్నీ ఒక్క రకం. మిస్టర్ రావుకు జ్వరం, మిసెస్ లక్ష్మికి కడుపునొప్పి, ఒక పేషెంటుకు దగ్గు. రోగి పేరున్న ప్రతి వాక్యాన్నీ ముట్టుకోకుండా వదిలేసింది. రెండు పత్రాల్లోనూ అంతే.

తెల్లారి స్కూలు గేటు దగ్గరే ఆమెను పట్టుకున్నాను. కాగితం తెరిచి జ్వరం వాక్యం చూపించి, ఇందులో నీకు తెలియనిది ఏమిటో ఇవాళ చెప్పాల్సిందే అన్నాను.

“మూడు దినాలు జరం అని ఉన్నది సార్” అంది. “మూడు దినాల సంది ఉన్నదా, మూడు దినాలుండి పోయిందా, ఆపరేషనైన మూడు దినాలకు వచ్చిందా? గా రావును నేను చూడలే, అడగలే. అడగకుంట ఎట్ల రాస్త?”

“అది పరీక్ష పేపరమ్మా. గా రావు అనేటోడే లేడు.”

“లేనోనికి జరమెందుకు పెట్టిండ్రు సార్?”

ఆమె ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది. కాగితం మళ్లీ చూశాను. నేను రాసిన వాక్యం, ఎన్నో బ్యాచ్‌లకు చెప్పిన వాక్యం. అందులో ‘ఫర్’ పెట్టొచ్చు. ‘ఆఫ్టర్’ పెట్టినా వాక్యం నిలుస్తుంది, ‘విదిన్’ పెట్టినా నిలుస్తుంది. ఏది పెట్టాలో ఆ రోగికే తెలియాలి. ఇన్నేళ్లూ పిల్లలు నా మొహం చూసి ‘ఫర్’ అన్నారు, నేను మార్కులు వేశాను. రూతమ్మ ఒక్కతే ఊహించి రాయను అని కూర్చుంది, ఆమెకు పద్నాలుగు వేశాను.

సంతకం పెట్టకుండా కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి పోయాను. ఆవిడ రూల్ రూలే కదా సార్ అంది. నేను గొంతు పెంచాను, ఆవిడా పెంచింది. చివరికి నేను బతిమాలాను. బతిమాలడం నాకు బొత్తిగా చేతకాదు, అయినా బతిమాలాను. ఆవిడ మెత్తబడి ఒక దారి చూపింది. రాత పరీక్ష బదులు వార్డులో ఒక రోగి మంచం దగ్గర నిలబడి ఆ రోగి సంగతి ఇంగ్లీషులో చెప్పాలి. దాన్ని కేస్ ప్రెజెంటేషన్ అంటారు. ఐదు నిమిషాలు టైం. పరీక్ష పెట్టేది బయటినుంచి వచ్చే ఎగ్జామినర్. పది రోజుల గడువు. ఇందులో తప్పితే ఆ రోజే రిలీవ్ చేస్తానని చెప్పింది. రూతమ్మకు చెప్తే రెండు చేతులూ జోడించింది. ఆ పది రోజులూ నాకు అన్నం సరిగా పోలేదు.

రోజూ పొద్దున ఇద్దరం మగవాళ్ల వార్డుకు పోయి ప్రాక్టీసు చేసేవాళ్లం. ఇరవై రెండేళ్లు ఆమె ఎలా పనిచేసిందో అప్పుడు చూశాను. రోగి ‘మొన్న’ అన్నాడనుకోండి, మా పిల్లలు టక్కున డే బిఫోర్ యెస్టర్‌డే అని రాసేస్తారు. రూతమ్మ స్టూల్ లాక్కుని కూర్చుని, ఏ మొన్న అని అడిగేది. కదిపితే ఆ మొన్న ఒక్కోసారి ఇరవై రోజుల కిందటిది అయ్యేది. అడవి ఊళ్లవాళ్లు అసలు తారీఖులే చెప్పరు. వారానికోసారి కూడే సంతను మా వైపు అంగడి అంటాం, వాళ్ల లెక్కంతా అంగడితోనే. పోయిన అంగడికి, రెండంగళ్ల కింద, అని చెప్తారు. మళ్లీ వాళ్లకు అంగడి ఒక్కటి కాదు, సోమవారం ఒక ఊళ్లో, గురువారం ఇంకో ఊళ్లో. కాబట్టి ఏ అంగడి, అక్కడ ఏం కొన్నావు, ఎవరు కలిశారు, తిరిగి నడిచి వచ్చావా జీపెక్కి వచ్చావా అని ఒక్కో మెట్టు దింపుకుంటూ పోయి, చివరికి ఆ రోజును పట్టుకునేది. పట్టుకున్నాక ఇంగ్లీషు మాట దానంతటదే సరైన చోట కూర్చునేది. సిన్స్‌కు సిన్స్, ఎగోకు ఎగో. నేను దిద్దాల్సింది దాదాపు ఉండేది కాదు.

అంతా బాగానే ఉంది, టైంతోనే వచ్చింది చిక్కు. ఒక్కో రోగికి ఆమెకు ఇరవై నిమిషాలు పట్టేది. ఉన్నది ఐదు. నేను పరేషాన్ అయిపోయాను. పరీక్షకు ముందు రోజు ఆమెను వరండాలో నిలబెట్టి గట్టిగా చెప్పాను. మంచానికి కేస్ షీట్ తగిలించి ఉంటుంది, జ్వరం ఎన్ని రోజులనుంచో డాక్టరే రాసి ఉంటాడు. అది చూసి నాలుగు వాక్యాలు చెప్పు, పాస్ అయిపోతావు. రేపటిది ఇంగ్లీషు పరీక్ష, వైద్యం పరీక్ష కాదు. రేపొక్కరోజు ఎవర్నీ ఏమీ అడగకు. ఆమె అంతా విని “మంచిది సార్” అంది. హమ్మయ్య అనుకున్నాను.

పరీక్ష మంగళవారం పొద్దున పదింటికి. ఎగ్జామినర్ పేరు ప్రమీల, రిటైరైన నర్సింగ్ ప్రిన్సిపాల్. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడత చెదరని చీరలో వచ్చింది. ఒక్కో తప్పుకు ఒక్కో మార్కు తీస్తానని ముందే చెప్పింది. చేతి గడియారం విప్పి అరచేతిలో పెట్టుకుంది. ఆమె చూపించిన మంచం మీద భీంరావు అనే ముసలాయన ఉన్నాడు. ఉట్నూర్ అవతల ఊరివాడు, ఆ పొద్దున్నే చేరాడు. కేస్ షీట్‌లో రెండు ముక్కలున్నాయి. ఐదు రోజులుగా జ్వరం, ఇంతకుముందు ఏ మందూ వాడలేదు. చక్కటి రెండు వాక్యాలు. ఇంకేం కావాలి, దేవుడు మా వైపే ఉన్నాడనుకున్నాను.

రూతమ్మ కేస్ షీట్ తీసుకుంది, చదివింది, మడిచి మంచం మీద పెట్టేసింది. స్టూల్ లాక్కుంది.

“జరం ఎన్నడొచ్చింది తాతా?”

“బేస్తారం అంగడికి వచ్చింది బిడ్డా.”

బేస్తారం అంటే గురువారం. మంగళవారంనుంచి వెనక్కి లెక్కేస్తే ఐదు రోజులు, కేస్ షీట్ రాసినవాళ్లు వేసిన లెక్క అదే. సరిపోయింది కదమ్మా, ఇక లే అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. ఆమె లేవలేదు. ఆ అంగట్లో ఏం కొన్నావని అడిగింది. కొనలేదు, మేకపిల్లను అమ్మానన్నాడు. అమ్మాక చలి పెట్టిందా, ముందేనా అని అడిగింది. తోలుకుని పోతుంటేనే వణుకు పుట్టిందన్నాడు. ప్రమీల మేడమ్ గడియారం చూసింది. మూడు నిమిషాలు. నేను దగ్గాను. రూతమ్మ నా వైపు చూడలేదు.

“గా దినం వాన పడ్డదా తాతా?”

“యాడి వాన? ఎండ కొట్టింది. మొన్నటి బేస్తారమైతే వానకు అంగడే కూడలే.”

అంటే మేకపిల్లను అమ్మింది మొన్నటి గురువారం కాదు, అంతకు ముందు గురువారం. జ్వరం ఐదు రోజులది కాదు, పన్నెండు రోజులది. అక్కడినుంచి ఆమె ఇంకా నెమ్మదిగా అడిగింది. మర్నాడు ఆశమ్మ, అంటే ఊళ్లో ఉండే ఆశా వర్కర్, వచ్చి వేలు గుచ్చి రక్తం చూసి గోలీలు ఇచ్చిందట. మూడు రోజులు మింగాక జ్వరం తగ్గిందట. తగ్గాక ఇంకెందుకని సోమవారం అంగడినుంచి వచ్చి గోలీలు బంద్ పెట్టాడట. మొన్న ఆదివారం మళ్లీ వణుకు మొదలైందట. పొద్దున చీటీ రాసినవాళ్లకు ఎందుకు చెప్పలేదు తాతా అంటే, వాళ్లు అడగలేదు బిడ్డా అన్నాడు.

ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. పన్నెండో నిమిషంలో ఆమె లేచి, చీర సర్దుకుని, ప్రమీల మేడమ్ వైపు తిరిగింది.

“హిస్ ఫీవర్ స్టార్టెడ్ ట్వెల్వ్ డేస్ ఎగో, ఆన్ థర్స్‌డే. హి టుక్ టాబ్లెట్స్ టిల్ మండే లాస్ట్ వీక్. హి హ్యాజ్ నాట్ టేకెన్ ఎనీ సిన్స్. ది ఫీవర్ కేమ్ బ్యాక్ ఆన్ సండే. నాట్ ఫైవ్ డేస్, మేడమ్.”

అంతే చెప్పింది. ఒక్క తప్పు లేదు. అవతలి మంచం దగ్గరున్న డ్యూటీ డాక్టరు విని వచ్చి, కేస్ షీట్ తీసుకుని రెండు వాక్యాలూ కొట్టేశాడు. ముసలాయనను తనూ రెండు మాటలు అడిగి, మలేరియా పరీక్షకు రక్తం తీయించమని సిస్టర్‌కు చెప్పాడు. నేను మాత్రం ప్రమీల మేడమ్ మొహమే చూస్తున్నాను. ఆవిడ గడియారాన్ని మళ్లీ చేతికి పెట్టుకుంది. ఐదు నిమిషాలు ఇచ్చాను, పదమూడు తీసుకున్నావు, కాగితం ముందే ఉంది, చదివితే పాసయ్యేదానివి, ఎందుకు చదవలేదు అని ఇంగ్లీషులో అడిగింది. జవాబు కూడా ఇంగ్లీషులోనే చెప్పాలంది.

రూతమ్మ ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది.

“వన్ టైమ్ ఐ నాట్ ఆస్క్, మేడమ్. ప్రెగ్నెంట్ గర్ల్. ఐ రోట్ సెవెన్త్ మంత్. ఇట్ వాజ్ నైన్త్. షి డెలివర్డ్ ఇన్ జీప్. బేబీ డైడ్. ఫ్రమ్ దట్ డే, ఐ ఆస్క్.”

ఆ జవాబులో ఎన్ని తప్పులున్నాయో నాకు తెలుసు, ఎగ్జామినర్‌కు ఇంకా బాగా తెలుసు. ఆవిడ పెన్ను కాగితం మీద పెట్టి, కదపకుండా అలాగే ఉంచింది. నేను గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాను.

ఆ తర్వాత వరండాలో మెట్ల మీద కూర్చుని రూతమ్మ మిగిలింది చెప్పింది. అది ఆమె ఉద్యోగంలో చేరిన తొలి రోజుల సంగతి. ఎన్నో నెల అని అడిగితే ఆ పిల్ల జాతరప్పటినుంచి నెల తప్పిందని చెప్పిందట. ఆ వైపు రెండు జాతరలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు నెలలు. పొద్దుగూకుతోంది, ఇంకా రెండు ఊళ్లు తిరగాలి. ఏ జాతర అని అడగకుండా రెండోదే అనుకుని ఏడో నెల అని రాసేసిందట. ఇంకా టైముంది, ఆసుపత్రికి తొందర లేదని కూడా చెప్పి వచ్చింది. వారానికే నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. జీపు వాగు దగ్గర ఆగిపోయింది.

“ఒక్క మాట సార్. ఏ జాతర అని ఒక్క మాట అడుగుతే అయిపోయేది” అంది. “గా పిల్ల నన్ను తిట్టలే. ఇప్పటికీ కలుస్తే మంచిగనే మాట్లాడుతది. అందుకే నాకు గా వార్డే కావాలె.”

‘గోడకు చెప్పినా వచ్చేది’ అన్నాను కదా, ఆ మాటకు క్షమించమ్మా అన్నాను. ఎన్నడన్నారు సార్ అంది. నిజంగా మర్చిపోయిందో, నా కోసం అలా అందో నాకు తెలియదు.

లోపలినుంచి ప్రమీల మేడమ్ పిలిచింది. మార్కుల కాగితం నా చేతిలో పెట్టింది. యాభైకి నలభై రెండు. టైం మించినందుకు ఎనిమిది తీశాను, చివరి జవాబులో తప్పులకు ఏమీ తియ్యలేదు అంది. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, “ఇది ఇంగ్లీషుకు వేసింది సార్. మిగతాదానికి వేద్దామంటే ఈ కాగితంలో చోటు లేదు” అంది. నేను బయటికొచ్చి చెప్తే రూతమ్మ కాగితం చూసుకుని అక్కడే మెట్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మా పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆమెను ఎత్తినంత పని చేశారు.

చదువు పూర్తిచేసి ఆమె కోరుకున్న చోటికే పోయింది. పోయిన ఏడాది నేను పనిమీద ఉట్నూర్ వైపు పోయి, ఆమె ఆసుపత్రికి వెళ్లాను. కాన్పుల వార్డు పక్క గదిలో ఒక చిన్న పిల్ల, పద్దెనిమిది పంతొమ్మిదేళ్లుంటాయేమో, సిగ్గుపడుతూ నిలబడి ఉంది. రూతమ్మ ఆ పిల్లను కూర్చోబెట్టింది, తనూ కూర్చుంది. పెన్ను మూత తియ్యకుండానే మాటల్లో పెట్టింది. బయట ఇంకా పదిమంది వరుసలో ఉన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. వాళ్లకు ఆమె అలవాటు తెలిసినట్టుంది. నేనూ ఆ వరుస చివర బెంచీ మీద కూర్చున్నాను.

కాలం చెప్పే మాటలను నేను ఇరవై ఎనిమిదేళ్లు పాఠంగా చెప్పాను. ఏ మాట పక్కన ఏ క్రియ రావాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ ఒక మనిషిని ఎప్పటినుంచి అని అడిగి, ఆ మనిషి గుర్తు తెచ్చుకుని చెప్పేదాకా ఎదురుగా కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. ఇంట్లోవాళ్ల దగ్గర కూడా చేతనయ్యేది కాదు. అది నాకు రూతమ్మ నేర్పింది. ఇప్పుడు నా క్లాసులో ఖాళీలు లేవు. మొదటి రోజే పిల్లలను వార్డుకు తీసుకుపోయి, ఒక్కొక్కరికి ఒక్కో మంచం దగ్గర స్టూల్ వేస్తున్నాను.